మేనమామ చీర, కరెంటు కారు

తిప్పేస్వామి కారు కొన్నాడన్న మాట బెళుగుప్పలో పాకడానికి పూట కూడా పట్టలేదు. అది కరెంటు కారని తెలిశాక జనం పనులు మానుకుని మరీ వచ్చి చూశారు. డీజిలు పోసే మూత ఎక్కడని చుట్టూ తిరిగినవాళ్లున్నారు, ముందు మూత ఎత్తించి ఇంజను లేదని ముక్కున వేలేసుకున్నవాళ్లున్నారు. ఒక పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "ఏమప్పా, వానొస్తే షాకు కొట్టదా?" అని అడిగాడు.

"వాన రానీలే అన్నా, అప్పుడు చూద్దాం" అన్నాడు తిప్పేస్వామి. ఆ ఊళ్లో ఆ జవాబుకు తిరుగులేదు.

పడమటి మిట్ట మీద వాళ్ల చేని చెక్కలో గాలిమర నిలబెట్టినందుకు కంపెనీ ఇచ్చిన సొమ్ముతో కొన్నాడా కారు. తాతల కాలం నుంచీ ఆ గాలి వచ్చిన మబ్బునల్లా తరిమేసిందే గానీ ఆ ఇంటికి ఒక మేలు చేసిన పాపాన పోలేదు. ఇన్నాళ్లకు దాని ముక్కు పిండి వసూలు చేశానని అతని సంబరం. కసాపురం ఆంజనేయస్వామి గుడికి తోలుకుపోయి పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. బస్సెక్కితే చాలు వాంతి చేసుకునే అతని భార్య సువర్ణ కసాపురం దాకా పోయి, తిరిగొచ్చి, ఇంట్లో దిగి నేరుగా పొయ్యి వెలిగించింది. కారు గురించి ఆమె చెప్పాల్సిందంతా అందులోనే ఉంది.

తండ్రి ఓబుళేసుకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఆయన కోపం కారు మీద కాదు, తెర మీద కనిపించే అంకె మీద. ఇంకా ఇంత దూరం పోతానని చెబుతుందే, ఆ అంకె.

"లోపల ఉండాది, ఉండాది అని చెప్పినోళ్లను శానామందిని చూసినాలేరా" అనేవాడు.

చూశాడు మరి. అరచేతిలో తెంకాయ పెట్టుకుని చేను తిరిగినవాడూ, వేపపుల్ల పట్టినవాడూ, మిషను తెచ్చినవాడూ అందరూ నీళ్లున్నాయనే చెప్పారు. బోర్లు వేస్తే తెల్లటి దుమ్ము లేచింది. కంటికి కనబడనిదానికి లెక్క చెప్పేవాళ్లంటే ఆయనకు అప్పటి నుంచీ ఒళ్లుమంట.

తిప్పేస్వామి తండ్రి మాటలకు నవ్వేవాడే గానీ, బోరు బుద్ధి అతనికీ పోలేదు. ఆ వైపు బోరును గంట ఆడిస్తే గంట నిలపాలి. నిలిపితే అడుగున మళ్లీ నీళ్లు ఊరతాయి. కారునూ అలాగే చూసుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఉరవకొండ సంతలో దాన్ని చెట్టు నీడన నిలిపి, బేరాలు చూసుకుని వచ్చేసరికి అంకె కాస్త పెరిగి కనబడింది. ఎండకూ నీడకూ ఆ అంకె అటూ ఇటూ అవుతుందని అమ్మినవాళ్లు చెప్పే ఉంటారు, కొత్త బండి మోజులో చెవికెక్కి ఉండదు. "నిలిపితే ఊరతాండాది నాయనా" అని ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు. ఓబుళేసు మొదటిసారి కారు వైపు కాస్త మర్యాదగా చూశాడు.

ఆ వారంలోనే యాడికి అనే ఊరికి పోవాల్సి వచ్చింది. తిప్పేస్వామి చెల్లెలు మల్లీశ్వరిని అక్కడే ఇచ్చారు. ఆమె కూతురు శశికి తాంబూలాలు. మేనమామ తెచ్చిన చీర కట్టుకుంటే గానీ పిల్ల పీట మీద కూర్చోకూడదు. శశి పెద్దమనిషి అయినప్పుడు కూడా ఆ చీర పెట్టాల్సింది తిప్పేస్వామే. సరిగ్గా ఆ పొద్దే, ఎన్నాళ్లుగానో అడుగుతున్న బోరు బండి చేనికి వచ్చింది. వదిలితే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. అతను చేలోనే ఉండిపోయాడు. నీళ్లూ పడలేదు, చీరా పోలేదు. "నా బిడ్డ కంటే నీకు బోరు ఎక్కువైపాయనా" అని ఫోన్లో అడిగిన మల్లీశ్వరి మళ్లీ అన్నతో మాట్లాడలేదు. ఈ పిలుపు కూడా బావ నోటి నుంచే వచ్చింది. "ఈసారి రాకపోతే నాకు పుట్టినిల్లు లేదనుకుంటానని చెప్పమనింది" అన్నాడాయన, మొహమాటపడుతూ.

వాంతులైనా సరే, ముందురోజు సాయంత్రమే బస్సెక్కి పోదామని సువర్ణ నెత్తీనోరూ కొట్టుకుంది. ఇంట్లో కారు పెట్టుకుని బస్సులో పోతే చెల్లెలి ముందు ఏం గొప్పని తిప్పేస్వామి వినలేదు. రాత్రి వైరు తగిలించి పడుకున్నాడు. ఆ రాత్రే ఊరికి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే సగానికి కాస్త పైన నిండి ఉంది.

"చాలుతుందా?" అంది సువర్ణ.

"మధ్యలో నిలిపితే ఊరతాదిలే. గుత్తి రోడ్డులో హోటలు కాడ ఛార్జరు కూడా ఉండాది" అన్నాడు తిప్పేస్వామి.

ఓబుళేసును ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు లాగితే, "నాకు పలుపేసి కడతారేమిరా" అని కసిరాడు. సువర్ణ వెనక కూర్చుని చీర, పసుపుకుంకుమలు, పూలు పెట్టిన పళ్లేన్ని ఒళ్లో పెట్టుకుంది. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం. ఆ లోపల తాంబూలాలు మార్చుకోవాలి.

ఉరవకొండ దాటేదాకా బాగానే సాగింది. తర్వాత ఎదురుగాలి అందుకుంది. మిట్టల మీద గాలిమరలన్నీ ఒళ్లు మరిచి తిరుగుతున్నాయి, తెర మీద అంకె మాత్రం గబగబా దిగిపోతోంది. తిప్పేస్వామి ఒక టీకొట్టు దగ్గర నిలిపి, కాఫీ తాగి, ఊరడానికి కావలసినంత వ్యవధి ఇచ్చాడు. ముసలాయనకు ఉక్కపోస్తుందని ఏసీ ఆపకుండానే దిగాడు. వచ్చి చూస్తే ఊరకపోగా ఇంకాస్త తగ్గింది.

"ఇది ఊరే బోరు కాదురా" అన్నాడు ఓబుళేసు.

హోటలు దగ్గరి ఛార్జరుకు గోనెపట్ట కప్పి తాడు కట్టి ఉంది. అడిగితే, వారం నుంచీ పనిచేయడం లేదన్నారు. అక్కడి నుంచి తిప్పేస్వామి ఏసీ ఆపేసి, ఎద్దులబండికి దారి ఇస్తున్నంత మెల్లగా తోలాడు. యాడికి ఇంకా కొంత దూరం ఉందనగా అంకె ఎర్రగా మారి మిణుకుమనడం మొదలుపెట్టింది. రోడ్డు పక్కన బత్తాయిచెట్లతో ఒక చీనీతోట, దాంట్లో మోటారు షెడ్డు కనిపించాయి. అటు తిప్పి ఆపాడు.

తోట రైతు పేరు కుళ్లాయప్ప. పార భుజాన వేసుకుని వచ్చాడు. "ఏమప్పా, పంచరా?"

"కాదన్నా. ఇది కరెంటు బండి. కరెంటు అయిపోవచ్చింది."

"అట్లయితే కరెంటు ఉండేకాడ ఆపాల గదా."

"అందుకే ఈడ ఆపినా."

కుళ్లాయప్ప మొహంలో నవ్వు రాలేదు. కరెంటు ఉండే ఆ కొద్ది గంటల్లోనే చెట్లకు నీళ్లు పారించుకోవాలి. అది అడగడమంటే నీళ్లు అడగడమేనని తిప్పేస్వామికి తెలుసు, తెలిసే తలవంచుకున్నాడు. సువర్ణ పళ్లెం పట్టుకుని కారు దిగింది.

"మేనమామ చీర అన్నా ఇది. యాడికిలో మా ఆడబిడ్డ కూతురికి తాంబూలాలు. రాహుకాలం లోపల పోవాల."

కుళ్లాయప్ప చీర వైపు చూసి, పార కింద పెట్టాడు. "ముందే చెప్పొద్దా తల్లీ. బోరు ఇప్పుడే నిలిపినా. గంటసేపు ఊరితే గానీ పైపులోకి నీళ్లెక్కవు. అంతవరకూ కరెంటు ఊరికేనే ఉండాది, పెట్టుకోండి."

గడ్డి కోసే మిషను ప్లగ్గులో కారు వైరు పెడితే దాని డబ్బా మీద ఎర్రదీపం వెలిగింది. భూమి ఎండిపోయి ఎర్తు అందడం లేదని తిప్పేస్వామికి అర్థమైంది. మోటార్లు ఆడించేవాళ్లెవరికైనా తెలిసిన సంగతే అది. కుళ్లాయప్ప కుండలోని తాగేనీళ్లు తెచ్చి ఎర్తు కడ్డీ మొదట్లో పోశాడు. మట్టి గటగటా తాగింది. దీపం పచ్చగా మారింది.

ఆ గంటా తిప్పేస్వామి గట్టు మీద కూర్చుని తనను తాను తిట్టుకున్నాడు. బస్సులో వచ్చి ఉంటే రాత్రే చెల్లెలి ఇంట్లో అన్నం తినేవాడు. గొప్పకు పోతే ఇట్లాగే ఉంటుంది. ఈసారి కూడా చీర అందకపోతే ఇక ఆ గడప తొక్కే మొహం తనకుండదు. చిన్నప్పుడు చెనక్కాయలు ఒలిచి పప్పులన్నీ తనకు పెట్టి, ఉత్త పొట్టు పావడాలో మూటగట్టుకుపోయిన పిల్ల మల్లీశ్వరి. ఆమెను పోగొట్టుకుంటానేమోనని అతనికి భయమేసింది.

ఓబుళేసు కారు దిగనేలేదు. ఆయనకు అక్షరాలు రావు గానీ అంకెలు వస్తాయి. తెరకు మొహం ఆనించి, పెరిగినప్పుడల్లా బయటికి అరిచి చెప్పసాగాడు. ఆయన గొంతులో అంత హుషారు తిప్పేస్వామి విని ఎన్నేళ్లయిందో.

"చాలురా, బయల్దేరు. చెల్లెలి ఇంటికాడికి పోతాది. నేను చెప్తాండా గదా" అన్నాడు చివరికి.

కుళ్లాయప్ప మోటారు వేసుకోవడానికి లేచాడు. సువర్ణ అతనికి కుంకుమపొట్లం ఇచ్చి, "పెండ్లికి రావాల అన్నా" అని పిలిచింది. వస్తానన్నాడు.

యాడికిలో చెల్లెలి ఇంటి ముందు పందిరి కింద జనం గుంపుగా నిలబడి ఉన్నారు. అందరి మొహాలూ లోపలివైపే ఉన్నాయి. చప్పుడు లేని బండి కాబట్టి, అది వచ్చి పందిరి పక్కన ఆగిందని ఎవరికీ తెలియలేదు. తిప్పేస్వామి పళ్లెం అందుకుని కారు దిగాడు. పెండ్లికొడుకు తండ్రి గొంతు వినబడింది.

"పొద్దు దాటిపోతాంది తల్లీ. ఆయప్ప పోయినసారీ రాలేదంట గదా. చీర ఇంకెవరైనా పెడతారు, కానీయండి."

జనానికి అవతల నుంచి మల్లీశ్వరి మాట్లాడింది. "రాలేదని ఆయప్పతో మాట్లాడకుండా ఉన్నది నేను. అది మా అన్నా నేనూ చూసుకొనే మాట. మీరు ఆయప్పను అనగూడదు. మా అన్న చీర లేకుండా నా బిడ్డ పీట మీద కూచోదు. వస్తాడు. రాహుకాలం వచ్చినా సరే, పోయినా సరే, వస్తాడు."

తిప్పేస్వామి పళ్లేన్ని రెండు చేతులా పట్టుకుని విన్నాడు. తను వస్తాడో రాడో తనకే తెలియని గంటలో కూడా, వస్తాడని ఆమెకు తెలుసు.

"వచ్చినాంలేమ్మా" అన్నాడు ఓబుళేసు కారులోంచి, బెల్టు విప్పుకోవడం చేతకాక.

జనం పక్కకు తప్పుకున్నారు. మల్లీశ్వరి వెనక్కి తిరిగి చూసింది. కారును చూడలేదు. అన్న చెమటపట్టిన చొక్కాను, పళ్లేన్ని చూసింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ ఎదురొచ్చింది.

"ఏమన్నా, ఇంత పొద్దు చేస్తారా?"

అతను పళ్లెం ముందుకు చాపాడు. ఆమె అందుకోలేదు.

"నాకియ్యగూడదు. నువ్వే ఎత్తుకోని లోపలికి రా, బిడ్డ కాచుకోని ఉండాది" అని అన్న మోచెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయింది.