చెల్లని రూపాయికి ఉప్పు

చెల్లదని తెలిసే నాయన ఆ నోటు ఇచ్చాడా, తెలియక ఇచ్చాడా? ముప్పై ఏళ్లుగా వెంకటప్పయ్యకు ఈ అనుమానం తీరలేదు. పొద్దున రామనామం పలకనిదే మంచినీళ్లయినా ముట్టని మనిషి నాయన. అట్లాంటివాడు, నిజాం హాలీ నోట్లు ఇక చెల్లవని సర్కారు చాటింపు వేసిన ఏడాది, మణుగూరు అడవిలోని గూడెంలో గంగక్క దగ్గర గంపెడు చింతపండు తీసుకుని హాలీ రూపాయి నోటు ఆమె చేతిలో పెట్టాడు. ఆ పూట బండి తోలింది వెంకటప్పయ్యే.

మొన్న ఖమ్మం మిర్చి యార్డు దగ్గర, పాత నోట్లు కొనే వ్యాపారి ఒకడు మాటల్లో చెప్పాడు. ఆ రకం రూపాయి నోటు చిరగకుండా దొరికితే అయిదు వేలు ఇస్తాడట. పక్కనే ఉన్న బావమరిది బసవపున్నయ్య చెవి కొరికాడు.

"ఆ అడవి మనిషికి ఏం తెలుస్తది బావా? యాభై పారేసి పట్టుకురా."

"అట్ల తెచ్చి ఏ మొహంతో గుడి మెట్లు ఎక్కమంటవు?" అని, వెంకటప్పయ్య మర్నాడే బస్సెక్కాడు.

గంగక్క వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది. చూడగానే గుర్తుపట్టింది. కూర్చోమనలేదు.

"బండి తోలినోనివి నువ్వే గదా? మళ్ల చింతపండు కావాల్నా?"

"ఆ నోటు ఉందా గంగక్కా?"

"ఎందుకుండదు? మీ మొకాన కొట్టాలనే దాచిన." చూరులోంచి వెదురుగొట్టం లాగి, నోటు తీసి చూపింది. చెద పట్టలేదు, అంచు చిరగలేదు.

"దీనికి ఖమ్మంల అయిదు వేలొస్తయి. నాతోని రా, నీ చేతికే ఇప్పిస్త."

గంగక్క పకపకా నవ్వింది.

"మీ నాయన గూడ గిట్లనే చెప్పిండు. 'ఇక్కడ ఎవరికీ చూపకు, గోదారి దాటి భద్రాచలంల ఇయ్యి, మస్తు ఉప్పొస్తది' అన్నడు. నా పెనిమిటి ముత్యాలు పోయి ఇస్తే, చచ్చిన నోటు తెస్తవారా అని దుకాణపోళ్లు తన్ని తరిమిండ్రు."

ఇక్కడ ఎవరికీ చూపకు. బండి దగ్గరున్న తనకు ఆనాడు ఆ మాట వినబడలేదు. ఇంకేం కావాలి, తెలిసే ఇచ్చాడు. వెంకటప్పయ్య జేబులో ఉన్న వంద రూపాయల నోట్లన్నీ తీసి ఆమె ముందు పెట్టాడు.

ఆమె వాటిని కాలితో పక్కకు నెట్టింది.

"ఇవి ఎన్నడు చస్తయి పటేలా? కాగితాలు పట్టుకొని నా వాకిట్లకు రాకు. ఆనాటి చింతపండుకు నాకు రావాల్సింది మూడు కుంచాల ఉప్పు. తెస్తే తే, లేకుంటే నడువ్."

మణుగూరులో చిన్న బస్తా ఉప్పు కొని, భుజానికెత్తుకుని, దారి పొడుగునా రాముణ్ణి తలుచుకుంటూ మళ్లీ గూడెం చేరాడు. గంగక్క కుంచం తెచ్చి, అంచుకు సమంగా తలగొట్టి మూడుసార్లు కొలుచుకుంది. మిగిలిన బస్తాకు మూతి కట్టి ఆయన వైపు తోసింది.

"ఉండనీ గంగక్కా."

"ఉండనిస్తే మళ్ల నేను మీకు బాకీ పడాలె. తీస్కపో."

"మరి నోటు?"

"అది ముత్యాలు తిన్న తన్నులకు. ఆ లెక్క ఇంక తేలలే." వెదురుగొట్టాన్ని మళ్లీ చూరులో దోపింది. చిటికెడు ఉప్పు తీసి నాలుక మీద వేసుకుంది.

"అవ్, ఉప్పే. ఈ బాకీ తీరింది. ఇగ పో."