పెంకి వెళ్ళిన చోటు

కాగితాల మీద ఆ గుర్రం పేరు బారెడు పొడుగుండేది. పందెం రోజున మైకులో ఆ పేరు చదివేవాడు మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకునేవాడు. లాయంలో మాత్రం అందరూ దాన్ని పెంకి అనేవారు. ఆ పేరు పెట్టింది దాన్ని చూసుకునే సయీసు. రెండేళ్ళ పిల్లగా వచ్చిన మొదటి రోజే అది అతని చొక్కా జేబు పీకి, దాణా బకెట్టు తన్ని, ఆ తరవాత తనకేమీ తెలియనట్టు గోడవైపు తిరిగి నిలబడింది. "ఇదెక్కడి పెంకి పిల్లరా నాయనా!" అన్నాడతను. ఆ మాటే పేరుగా నిలిచిపోయింది.

ఆరేళ్ళు దాని ఒళ్ళు తోమాడు, గిట్టలు గీకాడు, జ్వరమొస్తే పక్కనే గోనెపట్టా పరుచుకుని పడుకున్నాడు. అది పదకొండు పందేలు గెలిచింది. గెలిచిన ప్రతిసారీ తీసిన ఫొటోలో యజమాని, ట్రైనరు, జాకీ నవ్వుతూ నిలబడేవారు. పగ్గం పట్టుకున్న సయీసు మణికట్టు దాకానే పడేవాడు. అతని భార్య ఆ ఫొటోలు చూసి, "మొహం లేకపోతే ఏం, ఆ చేతిని నేను సంతలోనైనా గుర్తుపడతాను" అని నవ్వేది.

అది లాయానికొచ్చిన ఏడో ఏట పెంకి ముందు ఎడమకాలి నరం తెగింది. రెండు నెలలపాటు సయీసు పొద్దునా సాయంత్రం ఆ కాలిని చల్లటి నీళ్ళధార కింద పెట్టి, కట్లు కట్టాడు. వాపు తీసింది కానీ దౌడు తిరిగి రాలేదు. ఒకరోజు గడ్డి వేసే వేళకి ట్రైనరు వచ్చి, "రేపు బండి వస్తుంది, దీన్ని పంపించేస్తున్నాం" అన్నాడు.

"ఎక్కడికి సార్?"

"దానికి తగ్గ చోటికే. నువ్వు కొత్త పిల్లని చూసుకో."

గుర్రాల బండి తోలేది సయీసు బావమరిదే, భార్యకి సొంత తమ్ముడు. ఆ ఉద్యోగం అతనికి సయీసే ఇప్పించాడు. మర్నాడు పెంకి బండెక్కనని మొండికేసింది. ఇద్దరు ముందు నుంచి లాగారు, ముగ్గురు వెనకనుంచి నెట్టారు. అది చెవులు వెనక్కి పెట్టి నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు నిలబడిపోయింది. ఆఖరికి సయీసుని పిలిచారు. అతను మెడ మీద చెయ్యేసి, "పద తల్లీ" అన్నాడు. అతని వెంట ఏటవాలు బల్ల మీదుగా చప్పుడు చేసుకుంటూ ఎక్కేసింది.

"ఎక్కడికి రా తీసుకెళ్తున్నావు?" అని అడిగాడు, కిందికి దిగాక.

బావమరిది తలుపు గడియ బిగిస్తూ, ఆ గడియతోనే మాట్లాడుతున్నట్టు చెప్పాడు. "ఫారం బావా. కొండ దిగువన. మోకాలెత్తు గడ్డి, పక్కనే ఏరు. ఇంక దాని వీపున జీను పెట్టేవాడే ఉండడు."

సయీసు నమ్మాడు. నమ్మకపోవడానికి కారణమూ లేదు, నమ్మకపోతే బతికే దారీ లేదు.

ఆ తరవాత రెండేళ్ళు, బావమరిది భోజనానికి వచ్చిన ప్రతి ఆదివారం సయీసు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోకముందే అడిగేవాడు, "మన పెంకి ఎలా ఉంది రా?" అని. మొదట్లో "బాగుంది" అని ఊరుకునేవాడు బావమరిది. రానురాను ఒక్కొక్కటే చేర్చడం మొదలెట్టాడు. ఒళ్ళు చేసిందన్నాడు. ఒక ముసలి గాడిదతో స్నేహం కట్టిందన్నాడు. గాడిద ముందు నడుస్తుంటే దాని తోక పట్టుకుని ఏటికి పోతుందన్నాడు. సయీసు కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వేవాడు.

"కట్టుకున్నదాన్ని ఎదురుగా ఉన్నాను, ఒక్కసారైనా ఎలా ఉన్నావని అడిగావా? ఎక్కడో ఉన్న నా సవతి యోగక్షేమాలు కావాలి నీకు" అనేది భార్య. ఆ మాట అంటూనే గాడిద సంగతి ఇంకోసారి చెప్పమని తమ్ముణ్ణి అడిగేది.

ఫారానికి తీసుకెళ్ళమని సయీసు అడిగినప్పుడల్లా బావమరిది నీళ్ళు నమిలేవాడు. దారి బాగాలేదనేవాడు, బండి రిపేరులో ఉందనేవాడు. ఒక ఆదివారం అతను వచ్చేసరికి సయీసు ఉతికిన చొక్కా వేసుకుని, సంచీనిండా క్యారెట్లు పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"బండి వీధిలోనే ఉంది. బాగానే నడుస్తోంది. అన్నం తినేసి బయల్దేరదాం" అన్నాడు.

బావమరిది కంచం ముందు కూర్చున్నాడు. అన్నం కలిపాడు. కలుపుతూనే ఉన్నాడు.

"ఏరా, తినవేం?" అంది అతని అక్క.

"ఫారం లేదు బావా" అన్నాడు అతను.

సయీసుకి సరిగా వినపడలేదు. "ఏం లేదు?"

"ఫారం లేదు. కొండ లేదు, ఏరు లేదు. గాడిదా లేదు. పాత ఇటుక బట్టీల వెనక ఒక దళారీ దొడ్డి ఉంది. పందేలకి పనికిరానివన్నీ అక్కడే దింపుతాను. కాగితం మీద వాడు సంతకం పెడతాడు, నేను తిరిగొచ్చేస్తాను. తరవాత ఎవరికి అమ్ముతాడో నేనడగను. అడగొద్దని ముందే చెప్పారు."

"ఎన్ని?"

"ముప్పై ఒకటి. దాంతో కలిపి."

సయీసు సంచీ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. కోపం రాలేదు. తల కొట్టేసినట్టయింది. అది ఎవరు లాగినా ఎక్కలేదు. ఎక్కించింది తను.

"ఆ రోజే చెబ్దామనుకున్నాను బావా. నీ మొహం చూశాక నోరు రాలేదు. తరవాత నువ్వు నవ్వుతుంటే..." బావమరిది ఎంగిలి చెయ్యి కంచంలోనే ఉంది.

అక్క ఆ కంచం ముందుకి జరిపింది. "తిను. నీతో తరవాత మాట్లాడతాను. ముందు ఇద్దరూ వెళ్ళి దాన్ని వెతకండి" అంది.

ఇటుక బట్టీల వెనక దొడ్డిలో దళారీ నులకమంచం మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. ఎడమకాలు దెబ్బతిన్న ఆడగుర్రం అనగానే గుర్తుపట్టాడు. "మొదట ఒకడు బండికి కట్టుకున్నాడు. కుంటుతోందని తిరిగి తెచ్చి పడేశాడు. ఆ తరవాత సముద్రం ఒడ్డున సవారీలు తిప్పేవాడు పట్టుకెళ్ళాడు. ఇంకా ఉందో లేదో మరి" అన్నాడు. అబద్ధం చెప్పాల్సిన అవసరమే కనబడలేదు అతనికి.

సముద్రానికి నాలుగు గంటల దారి.

ఒడ్డున గోడ నీడకి అయిదు గుర్రాలు కట్టి ఉన్నాయి, రంగురంగుల గుడ్డలు కప్పుకుని. సయీసు వాటి ముందునుంచి ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు. పెంకి లేదు. మళ్ళీ వెనక్కి నడిచాడు. అతను వెతుకుతున్నది నిగనిగలాడే జేగురు రంగు గుర్రాన్ని, ఎత్తైన దాన్ని, దగ్గరికొచ్చినవాణ్ణల్లా ఓరగా చూసేదాన్ని. "ఇక్కడ లేదు, పద" అని బావమరిదితో అని, గోడ దాటి రోడ్డు మీదికి వెళ్ళబోయాడు.

వెనకనుంచి సకిలింపు వినిపించింది. బొంగురుగా, సగంలో విరిగిపోయింది.

అతను ఆగాడు. చివరినుంచి రెండో గుర్రం తాడు ఎంతవరకూ సాగుతుందో అంతవరకూ సాగి, మెడ చాచి అతని వైపే చూస్తోంది. తుంటి ఎముకలు చర్మంలోంచి పొడుచుకొచ్చాయి. జీను ఒరుసుకున్న చోట రెండు పుళ్ళు. రంగు ఎండకీ ఉప్పు గాలికీ వెలిసిపోయి ఏ రంగూ కాకుండా పోయింది. ముందు ఎడమకాలు మోకాలి కింద దూలంలా ఉంది.

"రెండుసార్లు దాని ముందునుంచే పోయానురా" అన్నాడు సయీసు. ఇసకలో కూలబడి, "రెండుసార్లు" అని మళ్ళీ అన్నాడు. గుర్రం తల వంచి అతని జుట్టు వాసన చూసింది.

సవారీలు తిప్పేవాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. చెడ్డవాడు కాదు. దాని పుళ్ళకి అతని భార్య రోజూ మందు రాస్తోంది. "ముసలిదని చెప్పి అంటగట్టారు. పళ్ళు చూస్తే పదకొండేళ్ళకి మించి లేవు. పందేలు గెలిచిందంటారా? ఇదా?" అని నోరు తెరిచాడు. కానీ ఉన్న అయిదింటిలో ఒకటి పోతే ఇల్లు గడవదన్నాడు. బావమరిది ముందుకొచ్చి, ఏడాదిపాటు అతని గుర్రాలకి మేత తన బండిలో తెచ్చిపెడతానన్నాడు. అతను పగ్గం విప్పి చేతికిచ్చాడు.

ఈసారి బండెక్కడానికి అది మొరాయించలేదు. మొండికెయ్యడానికి కూడా బలం కావాలి.

మర్నాడు తెల్లవారుజామున రేసుకోర్సు గేటు దగ్గర కాపలావాడు ఆపేశాడు. ట్రైనరు వచ్చాడు. "బయటి గుర్రాన్ని లోపలికి రానివ్వకూడదు. ఏ రోగాలున్నాయో ఏమో. రూలు నీకు తెలీదా?" అన్నాడు.

"సార్, ఇది పెంకి."

ట్రైనరు బండి లోపలికి తొంగిచూశాడు. ఒక్క క్షణం అతని మొహం వాడిపోయింది. "రూలు రూలేనయ్యా" అన్నాడు నెమ్మదిగా, చేతిగడియారం చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

గేటు బయట బండ్లు నిలిపే షెడ్డు వెనక పాత టైర్లు వేసుకునే రేకుల పాక ఉంది. టైర్లన్నీ బావమరిది ఒక్కడే బయటికి దొర్లించాడు. అక్క గోనెలు కుట్టి పరుపు చేసింది. ఇన్నేళ్ళూ మాటల్లోనూ ఫొటోల్లోనూ తప్ప ఎరగని సవతిని మొదటిసారి కళ్ళారా అక్కడే చూసింది. చూసి, పైట నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది. కాసేపటికి బకెట్టుతో నీళ్ళు తెచ్చింది.

రేసుకోర్సులో పనిచేసే పశువుల డాక్టరమ్మ డ్యూటీ అయ్యాక వచ్చింది. ఒక్కొక్క గిట్టా ఎత్తి నొక్కి చూసింది. పెంకి ఒళ్ళంతా చెమట పట్టింది.

"నరం ఎప్పుడో పోయింది. అది కాదు అసలు సంగతి. దెబ్బతిన్న కాలిని కాచుకోడానికి బరువంతా రెండో కాలి మీద వేసింది. ఆ గిట్ట లోపలి ఎముక కిందికి జారిపోయింది. ఇది నిలబడినంతసేపూ అరికాల్లో మేకు పెట్టుకుని నిలబడ్డట్టే."

"నయం చెయ్యలేరా అమ్మా?"

"లేను. నొప్పి తగ్గించగలను, కొద్దిగా. అయిదారు రోజులు. లేదంటే నిద్రపుచ్చాలి."

సయీసు గుర్రం మెడ మీద చెయ్యేశాడు. "ఆ అయిదారు రోజులూ ఇవ్వండి. కడుపునిండా తింటుంది. నేను దగ్గరుంటాను" అన్నాడు.

"ఇస్తాను. కానీ ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ రోజులు దాని కోసమా, మీ కోసమా?"

సయీసు గుర్రం కేసి చూశాడు. అది కుడికాలు ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తింది. ఏ కాలు మీద నిలబడాలో దానికి తెలియడంలేదు.

"నా కోసమేనమ్మా" అన్నాడు. "రేపు పొద్దున్నే వచ్చెయ్యండి."

పొద్దున ఎండ రేకుల సందుల్లోంచి చారలుగా పడుతున్నప్పుడు డాక్టరమ్మ వచ్చింది. సయీసు పెంకి తల తన భుజం మీద ఆనించుకుని నిలబడ్డాడు. ఏం చెప్పాలో తెలియక ఏవేవో చెప్పాడు. దాని పాత గదిలో ఇప్పుడొక తెల్ల పిల్ల ఉందనీ, అది కరుస్తుందనీ, గిట్టలకి నాడాలు కొట్టేవాడు దాని పేరు చెబితేనే వణుకుతున్నాడనీ. చెవులు అతని మాట వైపే తిరిగి ఉన్నాయి. సూది మందు సగం ఎక్కేసరికి మోకాళ్ళు మడిచి, పెద్ద నిట్టూర్పు విడిచి, అతని కాళ్ళ దగ్గరే ఒరిగిపోయింది. అతను ఇంకా ఆ తెల్ల పిల్ల సంగతే చెబుతున్నాడు. డాక్టరమ్మ భుజం తట్టేదాకా ఆపలేదు.

బావమరిది పాకలోకి రాలేదు. బయట బండిలో స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నాడు. అంతా అయ్యాక సయీసు వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆదివారం తరవాత అతనితో పొడి మాటలు తప్ప మాట్లాడలేదు.

"మిగతా ముప్పై గుర్తున్నాయా?" అని అడిగాడు.

"అన్నీ గుర్తున్నాయి బావా" అన్నాడు బావమరిది, తల ఎత్తకుండా.

మరుసటి నెల ట్రైనరు ఇంకో గుర్రాన్ని పంపించమన్నాడు. వెళ్ళే చోటు చెబితేగానీ పగ్గం పట్టుకోనన్నాడు సయీసు. బండి తియ్యనన్నాడు బావమరిది. బావమరిది ఉద్యోగం పోయింది. ఇప్పుడు అరువు బండి మీద కూరగాయలు తోలుతున్నాడు, సముద్రం ఒడ్డుకి ఒప్పుకున్న మేతా అందులోనే. సయీసుని గుర్రాల దగ్గరనుంచి తప్పించి గడ్డి గోదాములో వేశారు. పాతికేళ్ళు లాయంలో ఉన్నవాడు ఇప్పుడు గోదాము కిటికీలోంచి గుర్రాలు నడిచిపోవడం చూస్తాడు. పంపించమన్న ఆ గుర్రాన్ని వేరే బండివాడు తీసుకెళ్ళాడు. కానీ దాని యజమాని ఇంటికి బావా బావమరుదులిద్దరూ వెళ్ళి గేటు దగ్గర పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా నిలబడ్డారు. ఆయన విన్నాడు. నిజంగానే తనకేమీ తెలియదన్నాడు. ఎప్పుడైనా అడిగారా అన్నాడు సయీసు. మర్నాడు ఆయనే దళారీ దొడ్డికి వెళ్ళి గుర్రాన్ని వెనక్కి తెచ్చుకున్నాడట.

ఏడాది తిరిగేసరికి ముప్పైలో తొమ్మిదింటి ఆచూకీ దొరికింది. అందులో ప్రాణాలతో ఉన్నవి నాలుగు. రెండింటిని విడిపించగలిగారు. డాక్టరమ్మ వాటికి తనకు తెలిసినవాళ్ళ పొలంలో చోటు చూసింది. మిగతా వాటి కోసం ఆదివారాలు తిరుగుతూనే ఉన్నారు.

మొన్న ఆదివారం పొద్దున్నే బావమరిది బండి తెచ్చి హారన్ కొట్టాడు.

"ఇవాళ ఏది రా?" అంది అక్క, క్యారియరు పట్టుకుని బయటికొచ్చి.

"నల్లది. మగది. నుదుటి మీద వేలెడు తెలుపు. రాళ్ళ క్వారీలో చూశానన్నాడు ఒక లారీ డ్రైవరు. ఎండాకాలంలో చూశాట్ట."

ఎండాకాలం వెళ్ళి ఆరు నెలలయింది. ఆమె తలుపుకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, బండి తలుపు తెరిచింది.

"కొంచెం జరుగు" అంది అప్పటికే ఎక్కి కూర్చున్న భర్తతో, తనూ ఎక్కుతూ.