మాట కండువా

చినపాలెంలో ఒక కట్టుబాటుంది. ఊరి తరఫున బయట ఎక్కడైనా మాట్లాడాల్సి వస్తే, పెదకాపు గంగాధరం అందరినీ గంగమ్మ గుడి ముందు కూర్చోబెట్టి ఒక మనిషి భుజాన తెల్ల కండువా వేస్తాడు. అది ఆ భుజం మీద ఉన్నంతసేపూ ఊళ్ళో మరొకరు నోరు మెదపకూడదు. నెత్తిన పిడుగు పడ్డా సరే. వలల తగాదాల్లో పదిమంది పది రకాలుగా అరిచి పరువు తీసుకున్నాక, ఎప్పటివాళ్ళో బుద్ధొచ్చి పెట్టుకున్న పద్ధతి. మంచి పద్ధతే, వేసిన భుజం మంచిదైతే.

ఈసారి ఆ కండువా నాగులమ్మకు పడాల్సింది.

"నీళ్ళు మోసేది ఆడోళ్ళం. నీళ్ళ సంగతి ఆడమనిషే చెప్పాల. నాగులమ్మకెయ్యి మామా," అంది పిచ్చమ్మ అందరి ముందూ. ఒప్పుకోనిది నాగులమ్మే. "ఆఫీసర్ల ముందర నాకేం మాటలొస్తాయి? మా మస్తానయ్య డిగ్రీ చదివినాడు, వాడికెయ్యండి. వాడి మాటకి నేను పూచీ," అంది. తల్లి పోయాక ఆరేళ్ళ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి, ఆ మాత్రం గర్వం ఉండదూ? గంగాధరం కండువా వేశాడు. మస్తానయ్య తలొంచుకుని వేయించుకున్నాడు. ఎంత అణకువో అని అక్క మురిసిపోయింది, పిచ్చిది.

సంగతేమిటంటే, పక్క టౌనుకూ ఈ పాలేనికీ కలిపి కొత్త నీళ్ళ పథకం వస్తోంది. అందులో భాగంగా టౌను మురుగంతా గొట్టాల్లో తెచ్చి శుద్ధి చేసే గుంటలు పాలెం పక్క ఇసుక దిబ్బల్లో తవ్వుతారట. సరిగ్గా చెలమ పక్కనే. తూర్పున సముద్రం, పడమర రొయ్యల గుంటలు, మధ్యలో ఎక్కడ బోరు దించినా ఉప్పునీళ్ళే. దిబ్బల నడుమ ఇసుక తోడితే ఊరే ఆ చెలమ నీళ్ళే ఊరంతా తాగేది. అంత పెద్ద మురుగు గుంట పక్కనుంటే ఆ ఊటలోకి దిగడానికి ఎన్నాళ్ళు పడుతుంది? అయితే వినియోగదారుల ప్రతినిధి మాట రాసుకోకుండా పని మొదలుపెట్టకూడదని రూలుందట. అందుకే మండలాఫీసులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు.

నాగులమ్మ తమ్ముడికి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "ఇంకేం వద్దబ్బయా. గుంటలు చెలమ కాడ వద్దు, ఉత్తరం పక్క బీడు నేలలో తవ్వుకోమను. ఆ ఒక్క మాట చెప్పు, చాలు." ఆఫీసర్లు తాగి చూస్తారని ఒక బాటిల్లో చెలమ నీళ్ళు కూడా పట్టుకుంది.

సభ రోజు పాలెంలో ఎవరూ వేటకు పోలేదు. నలభై మంది ఆడవాళ్ళు ట్రాక్టరెక్కి వచ్చి ముందు వరుసల్లో కూర్చున్నారు. ఇంజనీరు ఉష మ్యాపు చూపించి, ఎక్కడెక్కడ ఏం వస్తుందో చదివి, వినియోగదారుల ప్రతినిధిని మాట్లాడమంది. మస్తానయ్య లేచి మైకు సర్దుకున్నాడు.

"మా ఊరికి అభ్యంతరం లేదు మేడం. ఇంటింటికీ కొళాయి వస్తుంది కాబట్టి చెలమతో మాకు ఇక పని ఉండదు. గుంటలు మీరు చూపించిన చోటే తవ్వుకోవచ్చు."

నాగులమ్మకు ముందు అర్థం కాలేదు. చదువుకున్నోడు గదా, ఏదో ఎత్తు వేస్తున్నాడనుకుంది. ముందు ఒప్పుకున్నట్టే ఒప్పుకుని తర్వాత 'కానీ' అంటాడనుకుంది. ఆ 'కానీ' కోసం ఊపిరి బిగబట్టి చూసింది. వాడు మైకు పక్కవాడికిచ్చి కూర్చున్నాడు.

నలభై మందీ నాగులమ్మ వైపు తిరిగారు. పిచ్చమ్మ లేవబోయి, మస్తానయ్య భుజం మీది కండువా చూసి మళ్ళీ కూలబడింది.

"ఇంకెవరైనా మాట్లాడతారా?" అని అడిగింది ఉష. ఎవరూ కదల్లేదు. మళ్ళీ అడిగింది. మూడోసారి కలం పక్కన పెట్టి, ఆడవాళ్ళ మొహాల్లోకి చూసి మరీ అడిగింది. నాగులమ్మ ఒళ్ళో బాటిల్ నలిగి చప్పుడైంది. పుట్టి యాభై రెండేళ్ళలో కండువా మాటకు ఎదురు చెప్పి ఎరుగదు. ఇక ఉష రాసుకుంది: ప్రతినిధి సమ్మతించారు, హాజరైన వినియోగదారుల్లో ఎవరికీ అభ్యంతరం లేదు.

బయట వరండా చివర నాగులమ్మ తమ్ముణ్ణి పట్టుకుంది.

"ఎందుకట్ట చెప్పినావు?"

"అక్కా, ఉత్తరం పక్కకి మారిస్తే పథకమే వెనక్కి పోతాదంట. నన్ను నీళ్ళ కమిటీలో ఏసుకుంటామన్నారు. రేపు మన పాలెం మాట అక్కడ చెప్పొచ్చు. నీ మోకాళ్ళు చూస్తానే ఉండా గదా, ఎన్నాళ్ళు మోస్తావు బిందెలు? మొదటి కొళాయి మనింటి ముందరే."

"ఎవరన్నారు?"

"కాంట్రాక్టరు."

"ఎప్పుడు?"

మస్తానయ్య నేల చూపులు చూశాడు. "నెలయింది."

కండువా వేసి పది రోజులే. ఆ రోజు గంగమ్మ ముందు వాడు తలొంచుకున్నది అణకువతో కాదు, ఎవరికీ మొహం చూపించలేక. అది ఇప్పటికి తెలిసింది నాగులమ్మకు. ఏడవలేదు, తిట్టలేదు. "నా పూచీ మీద నన్నే నట్టేట ముంచినావు గదరా," అని, వాడి భుజం మీంచి కండువా లాక్కుని లోపలికి పోయింది.

ఉష ఫైలు కడుతోంది. "మా ఊరికి ఇష్టం లేదు మేడం. చెలమ కాడ వద్దు," అంది నాగులమ్మ.

"మూడుసార్లు అడిగాను కదమ్మా. మీరు ఎదురుగానే కూర్చున్నారు."

నాగులమ్మ కండువా చూపించి కట్టుబాటు చెప్పింది. ఉష మొత్తం విన్నది. ఆమె మొహం వాడిపోయింది. "నాకెవరూ చెప్పలేదమ్మా. తెలిసుంటే అది తీయించి అడిగేదాన్ని. సభ ముగిసిందని సంతకం పెట్టేశాను. అర్జీ రాసివ్వండి, పైకి పంపిస్తాను. కానీ వాళ్ళు చూసేది ప్రతినిధి మాటనే." నాగులమ్మ ఇచ్చిన బాటిల్ తీసుకుని రెండు గుక్కలు తాగింది. బాగున్నాయమ్మా అంది.

ఆ సాయంత్రమే కాంట్రాక్టరు మనిషి వచ్చి నాగులమ్మ వాకిట్లో కొళాయి గొట్టానికి సున్నంతో గుర్తు పెట్టిపోయాడు. ఆమె కాలితో తుడిచేసింది. అప్పటికే ఊరంతా చూసింది.

మర్నాడు పొద్దున్నే బిందె తీసుకుని చెలమ కాడికి పోయింది. రోజూ అక్కడ నవ్వులూ ఎకసెక్కాలూ, ఒకరి వంతు ఒకరు లాక్కోవడాలూ. ఆ రోజు ఆమెను చూడగానే అందరూ పక్కకు జరిగారు.

"నాకు తెలీదు పిచ్చమ్మా. గంగమ్మ సాక్షిగా నాకు తెలీదే," అంది.

పిచ్చమ్మ నిండిన బిందె నెత్తికెత్తుకుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఒసే నాగులూ అని తప్ప పిలిచింది లేదు.

"మీకెందుకమ్మా ఇంత దూరం రావడం," అంది మెల్లిగా. "మీ వాకిట్లోనే గదా మొదటి కొళాయి."