వదిలేసిన నాలుగు పరీక్షలు

మావయ్య నలభై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. కామా జారినా, దీర్ఘం ఎగిరిపోయినా ఆయన కంటికి దొరికిపోయేది. ఇప్పుడు ఆ కంటికే జబ్బు చేసింది. కుడికంటికి తిన్నని గీతలు వంకరగా కనిపిస్తున్నాయంటే, డాక్టరమ్మ నెలకోసారి కంట్లో ఇంజెక్షన్ వేయాలంది. మొదటిది జనవరి ముప్ఫై ఒకటిన వేశారు. తర్వాతది ఎప్పుడో ఫోన్‌లో ఆసుపత్రి యాప్ చెప్పింది: మార్చి మూడు. ఆయన డైరీలో రాసుకున్నాడు.

మార్చి మూడున వెళ్తే కౌంటరులో ఉన్నావిడ స్క్రీను చూసి పెదవి విరిచింది.

"మీది ఇరవై ఎనిమిదిన, పెద్దాయనా. మీరు రాలేదని ఇంకొకరికిచ్చేశాం. మళ్లీ మూడు వారాల తర్వాతే ఖాళీ."

"మూడని మీ యాప్‌లోనే ఉందమ్మా."

ఫోన్ తీసి చూపించబోతే అక్కడ 'రాలేదు' అన్న ముక్క తప్ప తేదీ లేదు. డైరీ తీశాడు.

"మీరు తప్పు రాసుకుంటే మేమేం చేస్తాం? కంప్యూటర్‌కి మతిమరుపుండదు కదండీ" అందావిడ. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ రోజుతో ఇంట్లో ఆయన మాటకు విలువ పోయింది. ఆయన పొయ్యి వెలిగిస్తే అత్తయ్య వెనకే వచ్చి నిలబడేది. మందుల పెట్టె తన దగ్గరే పెట్టుకుంది. చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పేది. వాళ్లింట్లోనే ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్న మేనకోడలు కూడా, "పోన్లే మావయ్యా, వయసన్నాక మామూలే" అంది. ఆయన డైరీ మూసేశాడు.

మేనకోడలు ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్, ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే పని. నాలుగు రోజుల తర్వాత బస్సులో కూర్చుని ఉండగా ఆమెకు ఆ 'మూడు' మీదికి ధ్యాస పోయింది. ఇరవై ఎనిమిదిని ఎవరైనా మూడని ఎలా రాసుకుంటారు? జనవరి ముప్ఫై ఒకటికి ఒక నెల కలిపితే ఫిబ్రవరి ముప్ఫై ఒకటి. ఆ తేదీయే లేదు. ఉన్న ఇరవై ఎనిమిది రోజుల మీద మూడు ఎక్కువైతే ఎక్కడ పడతాం? సరిగ్గా మార్చి మూడున! పైగా ఆ యాప్ చేసింది ఆమె కంపెనీయే. కౌంటరులో వాడేది వేరెవరో చేసిన పాత ప్రోగ్రాం, దాంట్లో సరిగ్గా ఇరవై ఎనిమిదే పడింది.

ఆఫీసుకు వెళ్లగానే తేదీలు లెక్కగట్టడానికి కంపెనీవాళ్లే రాసుకున్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ సోర్స్ కోడ్, అంటే దాని అసలు రాత, దించుకుంది. తయారై ఉన్న ఫైలు వాడుకోవడమే తప్ప రెండేళ్లుగా దాని మూలం తెరిచిన పాపాన పోయినవాళ్లు లేరు. ఆ రాతని నడిచే ప్రోగ్రాంగా మార్చే బిల్డ్ రెండుసార్లు మొరాయించింది. మూడోసారి దారికొచ్చింది. లెక్క సరిగ్గా వస్తోందో లేదో చూసే టెస్టులు నడిపితే పచ్చటి అక్షరాల్లో: రెండు వందల పన్నెండు పాస్. దాని కిందే వెలిసిపోయిన రంగులో ఇంకో వరుస: నాలుగు వదిలేశాం.

ఆ వరుస ఎవరూ చదవరు. రెండేళ్ల కిందట ఆమె సంతకం పెట్టిన రిపోర్టుల్లోనూ అది ఉండే ఉంటుంది.

టెస్టుల ఫైలు తెరిచింది. ఆ నాలుగూ నెలాఖరు తేదీల పరీక్షలే. పైన ఒక వ్యాఖ్య: 'రిలీజయ్యాక చూద్దాం.' రాసింది టీమ్ లీడర్. తెర మీద ఎరుపు కనిపిస్తే ఓర్చుకోలేడని ఆయనకు ఆఫీసులో పచ్చజెండా అని పేరు. ఆమె వాటిని దాటేయమన్న ముక్క చెరిపి మళ్లీ నడిపింది. నాలుగూ ఎర్రబడ్డాయి. మొదటిదాని పక్కన: 'రావాల్సింది ఫిబ్రవరి 28, వచ్చింది మార్చి 3.'

ల్యాప్‌టాప్ అలాగే పట్టుకెళ్లి టీమ్ లీడర్ ముందు పెట్టింది.

"ఓ, అదా! నెలాఖరులో తప్ప రాదమ్మా. ఎంతమందికి తగుల్తుంది చెప్పండి?"

"మా మావయ్యకి తగిలింది. నలుగురిలో ఆయన్ని మతిలేనివాణ్ణి చేశారు. టెస్ట్ ఫెయిలైతే కోడ్ దిద్దాలి సార్, టెస్ట్ నోరు మూయడమేంటి?"

"గట్టిగా అరవకండి. సరిచేసి పంపిద్దాం. 'చిన్న మెరుగుదల' అని రాస్తే సరి."

"మెరుగుదలా! ఇల్లు కాల్చి సున్నం వేశామని చెప్పుకుంటారా? తప్పని రాయండి. ఎవరెవరికి తప్పు తేదీ వెళ్లిందో వాళ్లందరికీ చెప్పండి. అప్పటిదాకా ఏ రిలీజ్ మీదా నా సంతకం పడదు."

ఆమె అక్కడే నిలబడింది. గోల విని కంపెనీ పెద్దావిడ గదిలోంచి బయటికొచ్చింది, తెర చూసింది, పచ్చజెండా మొహం చూసింది. దిద్దడానికి పట్టింది పదకొండు లైన్లు. తప్పు తేదీ వెళ్లినవాళ్లు అరవై ఒక్కమంది. అందరికీ క్షమాపణ ఉత్తరాలు వెళ్లాయి.

మేనకోడలు జరిగిందంతా మావయ్యకు చెప్పింది. ఆయనకు రెండో ఇంజెక్షన్ మాత్రం మూడు వారాలు ఆలస్యంగానే పడింది. కుడికంటి వంకర పెరిగింది, ఎంత తగ్గుతుందో ఇప్పుడే చెప్పలేమంది డాక్టరమ్మ. కౌంటరులో ఆవిడ తల ఎత్తకుండానే, "ఏదో సిస్టమ్ ప్రాబ్లమంటండీ" అంది.

"సిస్టమ్ కాదమ్మా. చూసీ వదిలేసిన మనిషి. చెప్పినా వినని మనుషులు" అన్నాడాయన, వరుసంతా వినేలా. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇంటికొచ్చాక అత్తయ్య మందుల పెట్టె తెచ్చి ఆయన పక్కన పెట్టి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మేనకోడలు కంపెనీ పంపిన క్షమాపణ ఉత్తరం చదవబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నేను మర్చిపోలేదని నాకు ముందే తెలుసే అమ్మడూ. ఆ కాగితం నాకెందుకు? నువ్వు కూడా నన్ను ఒక్కమాట అడగలేదు చూడూ, నాకు మంట అక్కడ."

ఆమె ఉత్తరం మడిచి పక్కన పెట్టింది. ఆయన కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, మంచి కన్ను పేపరుకు దగ్గరగా పెట్టి చదువుకోసాగాడు.