బాలింత చారు

న్వాన్యేకె ఉడా కాయల్ని నిప్పుల మీద అటూ ఇటూ పొర్లించి, వాసన లేవగానే తీసి చేటలో పోస్తోంది. నల్లగా, వంకరగా, వేలెడంత పొడుగుంటాయవి. పచ్చివాటిని అలాగే ఎండబెట్టి ఎవరైనా అమ్ముతారు. సన్నటి పొగ తగిలించి అమ్మేది ఈ బజారు మొత్తానికి ఆమె ఒక్కతే. అందుకే బాలింత ఉన్న ప్రతి ఇంటి నుంచీ మనిషి ఆమె కొట్టుకే వస్తాడు. కొట్టంటే పెద్ద కొట్టేం కాదు. ఒక బల్ల, పైన రేకు, బల్ల మీద డబ్బాల్లో ఉజీజా మిరియాలు, ఎండు రొయ్యల పొడి, ఎండుమిరప, కింద గోనెలో ఉడా కాయలు, వెనక ఆమె. మనిషి పొట్టి. చేతులు మాత్రం మగవాడి చేతులు. గోళ్ళ సందుల్లో పేరుకున్న మసి సబ్బుకు లొంగడం మానేసి చాలా కాలమైంది.

పక్కనే ఒకేజీ అనే ఆయన రుబ్బుడు మర. టమాటాలు, మిరపకాయలు, నానబెట్టిన బొబ్బర్లు, ఏది పోస్తే అది మెత్తగా చేసి ఇస్తుంది. ఆబా పట్నంలో సగం వంటిళ్ళ కారం ఆ మర నోట్లోంచి వచ్చిందే. దాని డీజిలు మోతకు అలవాటుపడి న్వాన్యేకె మామూలు మాట కూడా అరిచే చెబుతుంది. ఇవాళ మర మూగనోము పట్టింది. అయినా ఆమె అరుస్తూనే ఉంది.

"అక్కా, ఒకేజీ అన్న ఏడీ? మర కట్టేశాడేంటి?" అంది మిరపకాయల బేసిన్ నెత్తినెట్టుకుని వచ్చిన ఒకావిడ.

"పురిటికి పోతున్నాడు."

"ఎవరి పురిటికి?"

"నీ పురిటికా? కూతురి పురిటికి."

ఆవిడ బేసిన్ కింద దించి మరీ నవ్వింది. "మగాడు పురుడు పోయడానికి పోవడమేంటి తల్లీ! పాలు కూడా ఆయనే ఇస్తాడా?"

చుట్టుపక్కల కొట్లవాళ్ళంతా పగలబడి నవ్వారు. న్వాన్యేకెకూ నవ్వొచ్చింది కానీ ఆపుకుంది.

"నీ మొగుడు నీ కాన్పుకి చెంబుడు నీళ్ళైనా కాచాడా? వాగింది చాలుగానీ, ఆ కాయలు అవతలి మరకి పట్టుకుపో."

నవ్వేవాళ్ళ తప్పేం లేదు. కూతురికి కాన్పైతే తల్లి వెళ్ళాలి, వేడినీళ్ళు కాచాలి, పెండలం చారు కాచి పొద్దూ మాపూ తాగించాలి. అది ఆడవాళ్ళ పని. ఒకేజీ కూతురు ఉగో ఒనిచా పట్నంలో, అత్తవారింట మగపిల్లాణ్ణి కన్నది. వెళ్ళాల్సిన తల్లి, అంటే ఒకేజీ భార్య అదాకు, పోయిన వానల్లో జ్వరంతో చనిపోయింది. బతికున్నన్నాళ్ళూ ఆమెదొకటే కల: పురిటికి వెళ్ళి, అల్లుడి చేత కొత్త బట్టలు పెట్టించుకుని దర్జాగా రావాలని. కబురు రాగానే ఒకేజీ, "అమ్మ లేకపోతే ఏం, నేనున్నాగా" అన్నాడు. తల్లీబిడ్డల స్నానాలకు వాళ్ళింటి పక్కనే ఒక నర్సు ఉందట. కావలసింది వండిపెట్టే మనిషే. ఒకేజీకి వంట రాదు. ముప్పూటలా ఊరందరి కారం రుబ్బినవాడే గానీ, ఆ కారం కుండలోకి వెళ్ళాక ఏమవుతుందో ఏనాడూ చూసి ఎరగడు.

అందుకని వారం బట్టి న్వాన్యేకె దగ్గర నేర్చుకుంటున్నాడు. ఇద్దరివీ ఒకే లోగిట్లో ఎదురెదురు గదులు. వెనక అందరికీ కలిపి ఒకటే వంటపాక.

నిన్న ఉగో న్వాన్యేకెకు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, నిజం చెప్పు. నాన్నకి చారు కాయడం వచ్చిందా? మా అత్తగారివైపు వాళ్ళు నవ్విపోతున్నారు. వచ్చిందని నువ్వంటే నాన్నే రానీ, ఎవరేమన్నా పడతాను. రాలేదంటే మాత్రం మొహమాటపడకు. నువ్వే వచ్చేయ్. నాకు నువ్వైనా అమ్మైనా ఒకటే."

నువ్వే వచ్చేయ్. ఆ మాట విన్నప్పటి నుంచీ న్వాన్యేకె కాలు ఒకచోట నిలవడం లేదు. ఆమె కొట్టు ముందు నుంచి ఎంతమంది తల్లులు పురుళ్ళకు వెళ్ళారో, ఎంతమంది తిరిగొచ్చారో లెక్కలేదు. తిరిగొచ్చినవాళ్ళు ఒళ్ళు చేసి, కొత్త బట్టలు కట్టుకుని, మెడ నిండా తెల్ల పౌడరు పూసుకుని వస్తారు. వీధి ఆడవాళ్ళంతా ఎదురెళ్ళి ఆ పౌడరు తమ మెడలకూ రాసుకుంటారు. న్వాన్యేకె కూడా రాసుకుంది, నవ్వింది, గంతులేసింది. ఆమె ఎవరి పురిటికి వెళుతుంది? వయసులో ఉన్నప్పుడు ఒక్కసారి కన్నది. పిల్లవాడు ఏడవలేదు. పొత్తిళ్ళలో చుట్టి పట్టుకెళ్ళిపోయారు. బిడ్డ లేని బాలింతకు చారు ఎవరు కాస్తారు? రక్తం ఆగకముందే వచ్చి ఈ బల్ల వెనక నిలబడి, మనవల్ని ఎత్తిన తల్లులకు ఉడా కాయలు కొలిచిపోసింది. మొగుడు ఇంకో పెళ్ళి చేసుకుని కాలబార్ వెళ్ళిపోయాడు. ఆ రోజుల గురించి ఎదురుగది అదాకుతో తప్ప ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

ఒకేజీకి అన్నీ నేర్పింది. పెండలం ముక్క ఎంత లావు కోయాలో, ఎండు చేప ముళ్ళు ఎలా తీయాలో, చేదుగా ఉండే ఉటాజీ ఆకు చిటికెడు మించితే చారు ఎందుకు పనికిరాకుండా పోతుందో, ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఉడా కాయను చితక్కొట్టి లోపలి గింజలు ఏరిపారేయాలని మాత్రం చెప్పలేదు. గింజ పడితే చేదు విషం. ఆడపిల్లలు ఇంట్లో చూసే అది నేర్చుకుంటారు, ఎవరూ ఎవరికీ చెప్పరు. మగవాడికి ఎలా తెలుస్తుంది? చెప్పడం మరిచిపోయిందా అంటే, మరిచిపోలేదు. ప్రతి సాయంత్రం నాలుక చివరిదాకా వచ్చింది. ప్రతి సాయంత్రం మింగేసింది. ఇన్నాళ్ళూ వండేటప్పుడు కాయలు తానే చితక్కొట్టి, గింజలు అతని కంటపడకుండా తీసేసి కుండలో వేసింది. ఇవాళ అతనొక్కడే వండాలి. అదే పరీక్ష.

ఎండ నడినెత్తికి రాకముందే ఆమె కొట్టు మీద గోనె కప్పి ఇంటికి బయలుదేరింది. బజారు దాటేదాకా ప్రతివాళ్ళూ పలకరించారు. ఎవరికీ సరిగ్గా జవాబివ్వలేదు.

వంటపాకలో ఒకేజీ బనీను మీద, నడుముకు భార్య పాత లుంగీ చుట్టుకుని ఉన్నాడు. పొడుగాటి మనిషి, పాక చూరు తగలకుండా మెడ వంచి నిలబడ్డాడు. పెండలం జిగురుకు మోచేతుల దాకా దురద పుట్టి ఎర్రగా గోక్కున్నాడు. కుండ కుతకుతలాడుతోంది. పక్కింటి అమ్మాయిలు ఇద్దరు గుమ్మంలో చేరి కిసుక్కుమంటున్నారు.

"పొండవతలికి! ఇదేమన్నా సినిమానా?" అని న్వాన్యేకె వాళ్ళను తరిమింది.

"రా అక్కా, రా. చూడు. ఇవాళ నువ్వు పేరు పెట్టలేవు." ఒకేజీ మొహమంతా నవ్వే. "నువ్వా కాయలు రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచుతావే, నేనట్లా కాదు. మరలో ఆడించేశా. ఉడా, ఉజీజా, మిరప అన్నీ కలిపి. పొద్దున్నే కడిగి మరీ ఆడించా. పొడి చూస్తే పౌడరే!"

ఆమె గరిటెతో కొంచెం తీసి, అరచేతిలో వేసుకుని నాకింది. చేదు నాలుకను పట్టుకుని వదల్లేదు. దానికి తోడు నిన్నటి టమాటా పులుపు. ఎంత కడిగినా మర మరే.

"ఎట్లా ఉంది?"

"చేదు."

ఒకేజీ తానూ నాకాడు. మొహం ముడుచుకుపోయింది. ఉటాజీ ఎక్కువైందేమో అని మిగిలిన ఆకు చూసుకున్నాడు. ఎక్కువ కాలేదు. చేప పాతదేమో అని వాసన చూశాడు. చేప బానే ఉంది.

అప్పుడే ఫోన్ మోగింది. ఉగో. న్వాన్యేకె ఎత్తింది.

"పెద్దమ్మా, ఏమైంది? ఎవరొస్తున్నారు?"

"కుండ ఇంకా పొయ్యి మీదే ఉందే తల్లీ. దించాక చెబుతా," అని పెట్టేసింది.

ఒకేజీ స్టూలు మీద కూలబడ్డాడు. నడుముకున్న లుంగీ చెంగుతో చేతులు తుడుచుకున్నాడు. "నా వల్ల కాదక్కా. వారం రోజులు నీ ప్రాణం తీశాను. మర తిప్పేవాడు మరే తిప్పుకోవాలి." లేచి గదిలోకి వెళ్ళి ఒక సంచి తెచ్చాడు. నిండుగా ఉంది. ఎండు చేపలు, పెండలాలు, మనవడికి ఉన్ని టోపీ. ఆ సంచిని ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే వెళ్ళు. బస్సు మూడింటికి. పిల్ల చేదు తాగకూడదు. బలం రావాలి దానికి. నేనే వస్తానని ఆశపెట్టాను, నన్ను తిట్టుకోవద్దని చెప్పు."

ఇంతకాలం కోరుకున్నది అదే. ఎవరూ వేలెత్తి చూపరు. పిల్ల రమ్మంది, తండ్రి పొమ్మన్నాడు. సంచి బరువుకు ఆమె భుజం కిందికి లాగింది. ఒకేజీ పొయ్యి ముందు కూర్చుని, ఉడికిన పెండలం ముక్కలు వృథా అవుతాయే అని గరిటెతో ఒక్కొక్కటే పైకి తీసి కడుగుతున్నాడు. ఏడవడం లేదు. ఏడ్చినా బావుండేది. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"గింజలు తియ్యాలి," అంది.

"ఏం గింజలు?"

"ఉడా గింజలు. కాయ చితక్కొట్టి, గింజలు పారేసి, తొక్కలు మాత్రమే కుండలో వెయ్యాలి. చేదు వాటిదే."

గరిటె ఆగింది. "నాకు చెప్పలేదే?"

"చెప్పలేదు."

"మర్చిపోయావా అక్కా?"

"లేదు."

ఒకేజీ ఆమె వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఏమంటే అది పడదామని నిలబడింది. బయట పిల్లలు బంతి తన్నుకుంటున్న చప్పుడు. అతను కుండ ఎత్తి ఆ చారంతా కాలవలో పారబోసి వచ్చాడు. కుండ రెండుసార్లు తోమాడు. మంచినీళ్ళు పోసి మళ్ళీ పొయ్యి మీద పెట్టాడు.

"నిప్పింకా ఆరలేదు," అన్నాడు. "రా, చూపించు."

ఆమె సంచి దించి, నడుం ముడిలోంచి ఉడా కాయలు తీసింది. రోట్లో వేసి ఒక్క దెబ్బ వేసి చూపించింది. మిగిలినవన్నీ అతనే కొట్టాడు. లావుపాటి వేళ్ళతో గింజలు ఒక్కొక్కటే ఏరాడు. మధ్యలో కొత్తకోడలికి మల్లే "ఇదీ గింజేనా?" అని అడుగుతూ వచ్చాడు. "కాదు, నీ తలకాయ," అని ఆమె కసిరింది. ఆ తరవాత ఇద్దరికీ కొంచెం తేలికైంది. పెండలం మెత్తబడ్డాక చేప, ఆ పైన పొడులు, దించే ముందు చిటికెడు ఆకు. పాక ఘాటుతో నిండిపోయి, గుమ్మం దాకా వచ్చిన అమ్మాయిలు తుమ్ములతో పారిపోయారు.

న్వాన్యేకె నాకి చూసింది. ఇంకోసారి నాకింది. పేరు పెట్టడానికేమీ దొరకలేదు. ఉగోకు తానే ఫోన్ చేసింది.

"మీ నాన్న వస్తున్నాడు. వచ్చు. బాగానే వచ్చు. నవ్వేవాళ్ళకి ఓ గిన్నెడు పోసి తాగించు, నోళ్ళు మూతపడతాయి." ఫోన్ పెట్టేశాక కాసేపు రోలు అంచు పట్టుకుని నిలబడింది. మెడ మీద పౌడరు ఇక ఈ జన్మకు లేదు.

ఒకేజీ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచి భుజాన తగిలించుకున్నాడు. మర తాళం చెవి ఆమెకిచ్చాడు. ఆటో గుమ్మంలో ఆగింది. ఎక్కబోయినవాడు వెనక్కి తిరిగి వంటపాకలోకి వెళ్ళాడు. తమ గదిలోంచి, భార్య అదాకు పండగలకు మాత్రమే బయటికి తీసే నీలం పూల పింగాణీ గిన్నె తెచ్చి, కుండలో మిగిలిన చారు నిండుగా పోసి స్టూలు మీద పెట్టాడు. అడుగున పెద్ద చేప ముక్క వేశాడు.

"ఇదెవరికి?" అంది ఆమె.

"నీకే. మా అదాకు చెప్పేది. నీ కాన్పప్పుడు నీకెవరూ కాయలేదట కదా." అతను ఆమె మొహం చూడలేదు. "వేడి మీద తాగు. చల్లారితే గుణం ఉండదని నువ్వే చెప్పావు."

ఆటో వెళ్ళిపోయింది. పిల్లలు దాని వెంట వీధి చివరిదాకా పరిగెత్తి తిరిగొచ్చారు.

న్వాన్యేకె పాకలో నేల మీద కూర్చుని చారు తాగింది. పెండలం తింది, చేప ముల్లు దాకా చీకింది. వేడి కడుపులోకి దిగి, పొత్తికడుపు దాకా పాకింది. ఇన్ని వేలమందికి కాయలు అమ్మింది గానీ, ఒంట్లో ఇట్లా ఉంటుందని ఆమెకు తెలియదు. ఏడ్చింది. కారం వల్ల కాదు. కారం సరిగ్గా ఉంది.

సాయంత్రం లోగిట్లో ఆడవాళ్ళు అంట్లు తోముతూ, "ఆ గిన్నె కూడా ఇటివ్వక్కా, పనిలో పనిగా కడిగేస్తాం," అన్నారు.

"ఉండనీ," అంది.

పొద్దు వాలేసరికి అందరి గిన్నెలూ గోడవార బోర్లించి ఉన్నాయి. నీలం పూల గిన్నె మాత్రం స్టూలు మీద, అంచున ఆమె పెదవులు ఆనిన తడితో, వెల్లకిలా అలాగే ఉంది.