పసుపు రంగు రామములగ

అరవై ఎనిమిదిలో, నెలలు నిండకుండా బిడ్డ పోయాక, నా ఒంట్లో రక్తం లేదన్నాడు శృంగవరపుకోట డాక్టరు. ఆకుకూరలు, టమాటాలు బాగా తినమన్నాడు. టమాటాని మావైపు రామములగ అంటారు. ఆకుకూర మా ఇంట్లో రోజూ ఉండేదే. రామములగని మాత్రం మా అత్తగారు లక్ష్మీనరసమ్మ గుమ్మం తొక్కనివ్వరు. కోస్తే మాంసంలా ఎర్రగా ఉంటుందట, మడి వంట చేసే పొయ్యి మీదకి ఎక్కకూడదట. ఆవిడతో వాదించే ఓపికే ఉంటే నాకు డాక్టరెందుకు?

మా ఆయన భీమశంకరరావు దుకాణంలో కుదిర్చినట్టే ఇంట్లోనూ ఓ బేరం కుదిర్చారు. పసుపుగా పండే రకం ఉందిట, అది పెరట్లో వేసుకోవచ్చని వాళ్ళమ్మని ఒప్పించారు. గోతులు తీసేదెవరో, నీళ్ళు పోసేదెవరో ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఇంకెవరు, నేనే.

సంతలో నారు అమ్మే గురమ్మ దగ్గర మూడు రకాలున్నాయి. మడతలు పడ్డ పెద్దకాయ కాసేది ఒకటి, చిన్నకాయలతో విరగకాసే పుల్లటిది ఒకటి, పసుపుది ఒకటి. పుల్లటిది అనగానే నా నోట్లో నీళ్ళూరాయి. నీళ్ళు తక్కువైనా బతుకుతుంది, పెరటికి అదే మేలని గురమ్మ కూడా చెప్పింది. పసుపుది చప్పగా ఉంటుందిట, నీళ్ళూ ఎక్కువ కావాలట. అయినా పసుపు కట్టకే చెయ్యి చాపాను.

"తినీది నువ్వా, మీ అత్తా?" అంది గురమ్మ.

ఒళ్ళు మండిపోయింది నాకు. దాని మీద కాదు, నా మీదే. ఆ కట్టే తీసుకుని వచ్చేశాను.

ఇక రోజూ బావి దగ్గర చాకిరీ. చేద పైకి లాగి, గోడ పట్టుకుని నిలబడి, కళ్ళ ముందు చీకట్లు తగ్గాక మళ్ళీ లాగేదాన్ని. ఎట్టకేలకు కాయలు పసుపు తిరిగాయి. హమ్మయ్య అనుకున్నాను. నాలుగు రోజులు పోయేసరికి అన్నీ ఎర్రబడ్డాయి. గురమ్మ దగ్గరే నారు కలిసిపోయిందో ఏమో.

బావి గట్టున కూలబడి ఏడ్చాను. మళ్ళీ సంత, మళ్ళీ గోతులు, మళ్ళీ నీళ్ళు. నావల్ల కాదు.

అత్తగారు వచ్చి కాయల్ని చూశారు, నన్నూ చూశారు. చెట్లు ఉంచుకోమన్నారు. కాకపోతే లోపలి పొయ్యి మీద వద్దు, పెరట్లో వేరే పొయ్యి పెట్టుకుని వేరే గిన్నెలో వండుకోమన్నారు. అది ఆవిడ దయ.

"అత్తయ్యా, రెండో పొయ్యి నేను ఎలిగించలేను. పీకి పారేసీండి," అన్నాను. కాపురానికొచ్చాక చెయ్యలేనని నేను అనడం అదే మొదలు.

ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. ఇక రభసే అనుకున్నాను. ఆవిడ మూడు ఇటుకలు, ఓ మట్టి దాక, కొబ్బరి మట్టలు తెచ్చి పెరట్లో కూర్చుని పొయ్యి వెలిగించారు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, కాయలు కోసి దాకలో వేశారు. పులుసు మరిగింది.

"ఉప్పెంతెయ్యాలే? నేను నోట్లో ఎట్టుకుని సూడను గదా," అన్నారు.

ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. నాకెంత ఉప్పు ఇష్టమో గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు పట్టింది.