రెండు నిమిషాల రీడింగు

విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టిన తొమ్మిదో రోజున మా ఆయనా నేనూ చేతులు పట్టుకోవలసి వచ్చింది. కళోత్సవం పని విడిపోకముందు ఒప్పుకున్నది. అతను వైర్లు లాగుతాడు, నేను సర్క్యూట్ బోర్డులు చేస్తాను. నల్ల టేపు చుట్ట గాజులా మణికట్టుకు తగిలించుకు తిరుగుతాడని అందరూ అతన్ని టేపు అంటారు.

మేము కట్టింది దీపాల గోడ. దానికి రెండు బారల ఎడంలో రెండు ఇత్తడి పలకలు. ఇద్దరు చెరో పలక మీద చెయ్యి ఆనించి, రెండో చేతులు కలుపుకుంటే ఆరొందల బల్బులు వెలుగుతాయి. వదిలేస్తే ఆరిపోతాయి. వాళ్ళ ఒంట్లోంచి పోయే పిసరంత కరెంటును బోర్డు కొలుస్తుంది. ఆ కొలత సరిచూడాలంటే ఇద్దరు మనుషులు రెండు నిమిషాలు కదలకుండా నిలబడాలి.

“ఎవరినో వెతకడమెందుకు? మొగుడూ పెళ్ళాలు మీరే ఉన్నారుగా!” అని నవ్వి వెళ్ళిపోయింది ఉత్సవం నడిపే మేడమ్. ఆవిడకు తెలియదు. చెప్పుకోవడానికి మాకు మొహం చెల్లలేదు.

అతను “వెళ్ళకు” అని ఒక్క మాట అంటే చాలు, కాగితాలు చించేద్దామనుకున్నాను. నేనే అనొచ్చుగా అంటారా? నాకూ రోషం ఉంది మరి.

చేతులు పట్టుకున్నాం. ఒక్క బల్బూ వెలగలేదు. బోర్డు విప్పి అరగంట సేపు అతుకులన్నీ చూశాను. మళ్ళీ పట్టుకున్నాం. మళ్ళీ అంతే. నుదుటి చెమట తుడుచుకోబోతే తెలిసింది, ఇద్దరి చేతులకూ రబ్బరు గ్లోవులు!

“తెలివి తెల్లారినట్టే ఉంది మనది,” అన్నాడు. చాలా రోజులకు ఇద్దరం నవ్వాం. పన్నెండేళ్ళుగా ఒకరికొకరం నేర్పుకున్న జాగ్రత్త అది.

గ్లోవులు తీసి పట్టుకున్నాం. గోడంతా ఒక్కసారిగా వెలిగింది. అతని అరచెయ్యి తడిగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. అతను గడియారం చూస్తూ పైకే లెక్కపెడుతున్నాడు. తొంభై దగ్గర నా వైపు చూశాడు. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని చూశాను.

“నూట పంతొమ్మిది, నూట ఇరవై.”

వదిలేశాడు. గోడ ఆరిపోయింది. నా చెయ్యి చాచినట్టే ఉండిపోయింది.

“ఏం, రీడింగు రాలేదా?”

“రాలేదు,” అని అబద్ధమాడాను. “ఇంకోసారి పట్టుకోవాలి.”

అతను బోర్డు మీది చిన్న తెర వైపు చూశాడు. అంకె స్పష్టంగా కనబడుతోంది. చాలాసేపు దాన్నే చూశాడు.

“వచ్చిందిగా,” అన్నాడు మెల్లగా. “నేను బయల్దేరతాను మరి.”

ఆగమని నేనూ అనలేదు.